ప్రేమమ్మ ప్రార్థనలో సగం మాట

దాసన్న చెవులు ఒక్కనాడు పోయినవి కావు. ముప్పై రెండేళ్లు బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాళ్ల ఫ్యాక్టరీల్లో కోత మిషను పక్కన నిలబడ్డ మనిషి. మొదట పిచ్చుకల అరుపు పోయింది. అది పోయిందని ఆయనకు తెలియను కూడా తెలియలేదు, ఊళ్లో పిచ్చుకలే తగ్గిపోయాయనుకున్నాడు. తర్వాత సైకిలు బెల్లు, తలుపు చప్పుడు, ఆ పైన పెళ్లాం మాట. పెళ్లాం మాట సగం సగం వినబడే రోజుల్లో ఆయనకు కాస్త హాయిగానే ఉండేదంటే అందులో అబద్ధమేమీ లేదు. ఏ మొగుడికి ఉండదు చెప్పండి!

చెవులు కాపాడుకునే దారి లేకపోలేదు. కోడుమూరు అవతల వాళ్ల మెట్ట చేను వానకు ఎదురు చూసి చూసి బీడు పడితే, పెళ్లయిన ఏడాదే ప్రేమమ్మను వెంటబెట్టుకుని రాళ్ల పనికి వచ్చాడు దాసన్న. మొదటి వారంలోనే మిషను రొదకు తల పగిలిపోతుంటే, ప్రేమమ్మ ఇచ్చిన దూది చెవుల్లో కుక్కుకుని పనిలోకి దిగాడు. ఆ రోజు రాయి ఎత్తడానికి ఆయనకు జోడీ పెద్ద ఈరన్న. ఈరన్న చూడనే చూశాడు.

"ఏమప్పా, కాన్పయిందా? ఆడబిడ్డా, మగబిడ్డా?" అని నలుగురిలో అడిగాడు.

మన దగ్గర చెవుల్లో దూది పెట్టుకునేది బాలింత మరి! ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా విరగబడి నవ్వింది. సాయంత్రం దాకా "బాలింతకు పథ్యం పెట్టండప్పా" అన్నవాళ్లే. దాసన్న దూది తీసి పారేశాడు, మళ్లీ జన్మలో పెట్టలేదు. అదే ఫ్యాక్టరీలో ఇంకా ముప్పైమంది ఉన్నారు, ఒక్కడి చెవిలోనూ దూది లేదు. మగతనం చెవుల్లో ఉంటుందనుకున్నారు కాబోలు, నా కడుపు మండిపోతుంది తలచుకుంటే. ఆ నవ్విన ఈరన్నకూ ఇప్పుడు ఒక చెవి పనిచేయదు.

ఇక ప్రేమమ్మ. ఆమె మాటకారి. కొళాయి దగ్గర బిందె నిండేలోపు ఊరి సంగతులన్నీ ఏకరువు పెట్టి, నలుగురిని నవ్వించి గానీ బిందె ఎత్తుకోదు. అలాంటి మనిషి, ఆరేళ్ల కిందట దాసన్న చెవులు పూర్తిగా మూతపడ్డాక, మొగుడితో డజను సైగలకు దిగింది. అయిదు వేళ్లూ నోటి దగ్గరికి తెస్తే బువ్వ. తలమీద చెయ్యి తిప్పితే స్నానం. చేతులు జోడిస్తే చర్చి. చూపుడువేలు ఊపితే తిట్టు, అయితే అది ఏ తిట్టో తెలిసేది కాదు.

"ఏం తిడతాండావో తెలిసేటట్లన్నా తిట్టుమే!" అని దాసన్న అరిచేవాడు. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంతుందో తెలియదు గదా, ఆ అరుపు నాలుగిళ్లకు వినబడేది.

ఏదో శిబిరంలో చెవి మిషను ఇచ్చారు. పెట్టుకుంటే చప్పుళ్లన్నీ కలిసి గొరగొరమని, మళ్లీ ఫ్యాక్టరీలో నిలబెట్టినట్టయింది. తీసి ట్రంకు పెట్టెలో పడేశాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆయన్ను లోలోపల తినేసిన సంగతి వేరే. పూర్వం ప్రేమమ్మ ప్రార్థన మనసులోనే చేసుకునేది. ఈయన చెవులు పోయాక, ఇక వినేవాళ్లు లేరు గదా అనుకుందేమో, ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరే ముందు మంచం పక్కన మోకరించి పైకే ప్రార్థించడం మొదలుపెట్టింది. పది నిమిషాలు. కొంగు తలమీద కప్పుకుని కళ్లు మూసుకుంటుంది, పెదవులు మాత్రం కదులుతూనే ఉంటాయి. ఒక్కోసారి చెంపల మీద నీళ్లు కారతాయి. దాసన్న అదే మంచం మీద కూర్చుని చూస్తుంటాడు. తనకు డజను సైగలు, దేవుడికి పది నిమిషాల మాటలు! ఏం చెబుతోంది? ఒకసారి అడిగితే "నీకెందుకు" అన్నట్టు చెయ్యి తిప్పేసింది. ఆ పది నిమిషాల్లో తన ఊసు ఉందో లేదో, ఉంటే ఏమని ఉందో తెలుసుకోవాలి. ఆరేళ్లుగా ఆయనకు ఇంకో కోరిక లేదు.

వాళ్లకు ఒక్కతే కూతురు, మహిమ. కర్నూల్లో ఒక ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతూ పరిశోధన చేస్తోంది. నిరుడు వేసవిలో ఊరికి వచ్చి, చెప్పుల డబ్బా అంత నల్లపెట్టె ఒకటి చర్చి మైకు గదిలో పెట్టించింది. ఊళ్లో ఎత్తయిన కప్పు, కరెంటు పోతే ఇన్వర్టరు ఉన్న చోటు అదొక్కటే. పైగా వాళ్లింటికి నాలుగిళ్ల అవతలే. మరుసటి రోజు తండ్రిని చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి, ఆయన పాత ఫోనే ఆయన చేతికిచ్చి, నోరు తెరిచి ఏదో అంది. తెరమీద అక్షరాలు పడ్డాయి.

"నాయనా, బొమ్మ తిన్నావా?"

దాసన్న మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివినవాడు, బైబిలు గడగడా చదువుతాడు. "బొమ్మ నేనెందుకు తింటామ్మా?" అన్నాడు బిత్తరపోయి. మహిమ పొట్ట పట్టుకుని నవ్వింది. తానన్నది బువ్వ. పెట్టెకు పుస్తకాల తెలుగే వచ్చు, మన మాట ఇంకా నోటికి తిరగలేదు.

"ఇదంతా ఈ ముసిలి ఫోనే రాస్తాండాదా?" అని అడిగాడు.

మహిమ చెబుతూ పోయింది, తెర రాస్తూ పోయింది, తప్పులతోనే. ఆ తప్పులు నేను తీసేసి చెబుతాను.

"దానికి శాతగాదు నాయనా. మాట ఇని, అర్థం జేసుకోని, రాసేది శానా బరువు పని. ఫోన్నే చేయమంటే పెనం మాదిరి కాలుతాది, మద్యానానికే చార్జింగు అయిపోతాది, మనిషి లేసిపోయినంక మాట వస్తాది. మీ ఫ్యాక్టరీలో పాలిషు మిషను లేదు గదా, కోసిన రాయిని ఏం జేస్తాంటిరి?"

"పక్క ఫ్యాక్టరీకి తోలుతాంటిమి. ఆడ పాలిషు పట్టి మళ్లా పంపుతాండిరి."

"ఇదీ అంతే. నీ ఫోను మాట ఇని పెట్టెకు తోలుతాది. కష్టమంతా పెట్టెది. రాసినంక నీకు తిరిగి పంపుతాది."

"తోలేకి దారి యాడుండాది?"

"గాల్లోనే. అది ఎవురి సొంతమూ గాదు నాయనా. లైసెన్సు అడగరు, అందరూ వాడుకుంటారు. ఇండ్లల్ల వైఫై, పాటల డబ్బాలు, చర్చిలో తీగ లేని మైకులు, అన్నీ ఆ దారినే పోవాల. ఒగరు పోతాంటే ఇంగొగరు ఆగాల. సందు జూసుకోని దూరాల."

"అంటే సంతరోజు లారీలు ఇరుక్కున్నట్ల."

మహిమ ముప్పై పేజీలు రాసినా ఆమె పరిశోధన గైడుకు పట్టని సంగతి ఈయన ఒక్క ముక్కలో తేల్చాడు. ఆ ఊరు గుట్ట చాటున ఉంటుంది, సెల్ టవరు సిగ్నలు ఒక్క గీత వచ్చినా గొప్పే. ఇరుకైనా సరే, ఆ అందరి దారే వాళ్లకు దిక్కు.

ఆ రోజునుంచి దాసన్న ఇంట్లో కొత్త మనిషి ఒకడు చేరాడు. పేరు అయ్యప్ప. ప్రేమమ్మ ఎవరితో మాట్లాడినా తెరమీద వాడే. "అయ్యప్ప పొద్దున ఏమీ తినలేదు." "అయ్యప్ప చొక్కాకు గుండీలు కుట్టాలి." "అయ్యప్పకు బుద్ధి ఎప్పుడు వస్తుందో." క్రైస్తవుల ఇంట్లో ఈ అయ్యప్ప ఎవడప్పా అని దాసన్న రెండు రోజులు తల గోక్కున్నాడు. గుండీలు కుట్టేంత చనువున్న మగవాడు ఎవడా అని రవ్వంత అనుమానం కూడా పడ్డాడు, అరవైకి దగ్గరపడిన పెళ్లాం మీద! మూడో రోజు పెద్ద ఈరన్న వచ్చి తెర చూసి పడీ పడీ నవ్వి, దాసన్న రొమ్ము మీద వేలు పెట్టాడు.

"నువ్వేనప్పా! ఆయప్ప, ఆయప్ప అంటాండాది నిన్ను. ఈ పెట్టె నిన్ను శబరిమల ఎక్కించిండాది."

మన వైపు ఆ తరం ఆడవాళ్లు మొగుణ్ణి పేరుపెట్టి పిలుస్తారా? ఆయప్ప అంటారు. ఆ మాట పెట్టె చదివిన పుస్తకాల్లో లేదు, దాంతో తనకు తెలిసిన పేరు తగిలించింది. మహిమ దిద్దుతానంటే దాసన్న ఒప్పుకోలేదు. తెరమీద ఆ పేరు పడిందంటే ప్రేమమ్మ తన గురించే మాట్లాడుతోందని అర్థం. అది చూసుకుని లోలోపల మురిసిపోయేవాడు. ఆరేళ్ల తర్వాత పెళ్లాం తిట్లు ఒక్కొక్కటే చదువుతూ ముసిముసిగా నవ్వుకునే మొగుణ్ణి ఆ ఊళ్లోనే చూశాను.

ఆదివారం ప్రార్థన మాత్రం చదవలేదు. ఆమె మోకరించగానే ఫోను బోర్లించి పెట్టేవాడు. దేవుడితో చెప్పుకునే మాట దొంగచాటుగా చదవడం పాపమని ఆయనకు తెలియకా? ఆరు నెలలు నిగ్రహించుకున్నాడు. కానీ మనిషి గదా! పక్కనే పది నిమిషాలు మాట్లాడుతోంది, చేతిలో ఫోను ఉంది. ఏడో నెల మొదటి ఆదివారం చెయ్యి ఆగలేదు.

మొదటి ఆదివారమంటే చర్చిలో బల్ల రోజు, రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు. జనం ఎక్కువ. ఊళ్లో కరెంటు పని చేసే శామ్ పొద్దున్నుంచే మైకులు, పాటల డబ్బాలు, కెమెరా అన్నీ వేసి కూర్చుంటాడు. బెంగుళూరుకు పనికి పోయినవాళ్లు కేబులు నెట్టు మీద ఆరాధన ఫోన్లలో చూడాలని కెమెరా. అంటే నాలుగిళ్ల అవతల గాలిలో దారి కిక్కిరిసి ఉంది. దాసన్నకు ఆ ధ్యాసే లేదు. ప్రేమమ్మ పెదవులు కదులుతున్నాయి, ఆయన ఫోను తిప్పి చూశాడు. తెరమీద చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక్క ముక్క వచ్చింది.

"ప్రభువా, అయ్యప్పను నా కంటే ముందు తీసుకుపో."

ఆ పక్కన మూడు చుక్కలు. చుక్కలు చుక్కలుగానే నిలిచిపోయాయి. ప్రేమమ్మ పెదవులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి, చెంపల మీద నీళ్లు. అదే మాట మళ్లీ మళ్లీ అడుగుతోంది కాబోలు అనుకున్నాడు దాసన్న. ఆమె ఆమెన్ అని లేచేసరికి ఫోను జేబులో వేసుకుని గడప దాటాడు.

చర్చికి ఒక్కడే నడిచాడు. అవమానం కాదు, అంతకంటే లోతుగా ఏదో తెగినట్టయింది. ఇంత బరువైపోయానా? తాను చస్తే బాగుండునని మోకాళ్ల మీద, ఏడుస్తూ అడుగుతోందా? అడిగితే మాత్రం తప్పేముంది, ఆరేళ్లు సైగలు చేసి చేసి ఏ ఆడదానికి విసుగు రాదు? అని ఆమె తరఫున తానే వాదించాడు. ఆమె చేత మాట పడ్డవాడే గానీ, ఎన్నడూ ఆమె మీద చెయ్యెత్తినవాడు కాదు. ముఖం మీదే చెప్పి ఉంటే బాగుండేది అనుకున్నాడు. చెప్పినా వినబడదని గుర్తొచ్చి ఇంకా కుంగిపోయాడు.

బల్ల దగ్గర ఒక నియమం ఉంది. మనసులో ఎవరిమీదనైనా కోపం ఉంటే రొట్టె ముట్టకూడదు, ముందు ఆ మనిషితో సమాధానపడి రావాలి. మగవాళ్ల వరస లేచింది. దాసన్న లేవలేదు. ముప్పై ఏళ్లలో ఆయన లేవకపోవడం అదే మొదలు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు. తలలు తిరిగాయి, గుసగుసలు మొదలయ్యాయి. ఆడవాళ్ల వైపునుంచి ప్రేమమ్మ చేతులు జోడించి చూపించింది, లెమ్మని అరచేయి ఎత్తింది. ఆయన ముఖం తిప్పుకున్నాడు.

ఆడవాళ్ల వంతు వచ్చినప్పుడు ఆమె వరసలో నిలబడింది. నాలుగు అడుగులు వేసింది. ఏమనుకుందో, వరస విడిచి వెనక్కి వచ్చి చాపమీద కూర్చుంది. మొగుడికి తన మీద ఏదో ఉందని తెలిసి తానెట్లా తింటుంది? ఏం తప్పు చేసిందో ఆ పిచ్చితల్లికి తెలియను కూడా తెలియదు. బల్ల రోజు రొట్టె తీసుకునేదాకా ఆమె పచ్చి మంచినీళ్లు ముట్టదు. అట్లాగే పస్తుతో కూర్చుంది.

ఆరాధన అయిపోయింది. జనం చెప్పులు వెతుక్కుని ఇళ్లకు మళ్లారు. దాసన్న కూర్చున్న చోటే ఉన్నాడు. ఇంటికి పోయి ఆమె పెట్టిన బువ్వ తినబుద్ధి కాలేదు. కోడుమూరు దగ్గర అక్క ఉంది, అక్కడికి పోదామా అని ఆలోచిస్తున్నాడు. మైకు గదిలో శామ్ ఒక్కొక్కటే కట్టేస్తూ వచ్చాడు, మైకులు, కెమెరా, డబ్బాలు. అందరి ఫోన్లూ జేబుల్లో ఇళ్లకు పోయాయి. చర్చిలాగే గాలిలో దారీ ఖాళీ అయింది.

దాసన్న జేబులో ఫోను వణికింది. తీయలేదు. మళ్లీ వణికింది. విసుక్కుంటూ తీశాడు.

పొద్దున్నే పెట్టెకు చేరిన మాట అది. పెట్టె తన పని తాను చేసి, తిరిగి పంపే సందు దొరక్క ఇంతసేపూ పట్టుకుని కూర్చుంది. మూడు చుక్కలు ఉన్న చోట ఇప్పుడు అక్షరాలున్నాయి.

"నేను ముందు పోతే అయ్యప్పకు సైగ చేసి చెప్పేవాళ్లు ఎవరున్నారు? పాపకు ఉద్యోగం. అయ్యప్ప ఆకలైనా అడిగే మనిషి కాదు. ఎవరైనా నవ్వితే తనను చూసే నవ్వారనుకుంటాడు. అయ్యప్పను నా చేతులతో సాగనంపనీ. మరునాడే నన్ను పిలువు, వచ్చేస్తాను."

చదివాడు. మళ్లీ చదివాడు. మూడోసారి చదవబోతే కళ్లు ఊరుకోలేదు. సగం మాట పట్టుకుని తాను రొట్టె మానడమే కాక ఆమె చేత మాన్పించాడు! తనను తానే తిట్టుకున్నాడు, ఆమె తిట్లలో గట్టివి ఏరుకుని మరీ తిట్టుకున్నాడు. లేచి గుమ్మంలోకి వచ్చాడు. ప్రేమమ్మ బైబిలు చంకలో పెట్టుకుని మెట్ల కింద ఎండలో నిలబడి ఉంది.

"మే ప్రేమా! నీ మాటే కానీలేమే! నేనే ముందు పోతా, నువ్వేం దిగులు పడాకు!"

గేటు దగ్గరికి పోయిన పెద్ద ఈరన్న వెనక్కి తిరిగాడు. "యాడికి పోతాడంట?" అని మైకు గది గుమ్మంలో ఉన్న శామ్‌ను కేకేసి అడిగాడు.

ప్రేమమ్మకూ అర్థం కాలేదు. దాసన్న ఫోను ఎత్తిపట్టి అదే గొంతుతో చదవడం మొదలుపెట్టాడు. "నేను ముందు పోతే..." రెండు మాటలు వినేసరికి ఆమె ముఖం తెల్లబోయింది. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పని మాట, ఊరికంతా వినబడేట్టు! పరుగున మెట్లెక్కి అరచేత్తో ఆయన నోరు మూసింది.

దాసన్న ఆ చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. గొంతు తగ్గించాననే అనుకున్నాడు పాపం.

"అది గాదుమే. నేను పోయిన మరునాడు పిల్సమన్నావు గదా నిన్ను. ఆ నడమ ఒగ దినం ఉంటాది. ఆ దినం ఎట్లుంటావు నువ్వు?"

ప్రేమమ్మ ఆయన ముఖంలోకి చూసింది. సైగ చేయబోయి ఆగింది. నోటితోనే చెప్పింది. ఒక్క అక్షరం తప్పిపోకుండా తెరమీద వెంటనే పడింది.

"ఏడుస్తూ కూర్చుంటాను. ఇంకేం చేస్తాను."

లోపల రొట్టె మిగిలిన బల్లమీద తెల్లగుడ్డ కప్పబోతున్న పాస్టరయ్య, కప్పకుండా ఆగి, ఇద్దరినీ రమ్మని చెయ్యి ఊపాడు. శామ్ మళ్లీ మైకు వేయబోతే వద్దన్నాడు. దాసన్న పెళ్లాం చెయ్యి వదలకుండానే లోపలికి నడిచాడు.